సామాన్లు సర్దే ముందు

ఈ ఏడాది కూడా మా వైపు నుంచి రెండు తెలుగు కుటుంబాలు సిడ్నీకి మారిపోయాయి. ఎందుకని అడిగితే ఒకటే జవాబు, "పిల్లల చదువండీ." పిల్లలు ఐదో తరగతికి వచ్చేసరికి సెలెక్టివ్ టెస్టు టెన్షన్ పట్టుకుంటుంది, అంటే బాగా చదివే పిల్లల్ని ఏరి తీసుకునే ప్రభుత్వ హైస్కూళ్ల ప్రవేశ పరీక్ష. ఇంకా సామాన్లు సర్దుకోని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మేముండేది ఆస్ట్రేలియాలోని ఫోర్బ్స్ అనే చిన్న ఊళ్లో, సిడ్నీకి పడమర దాదాపు 375 కిలోమీటర్లు. బయటి దేశాల్లో చదివిన డాక్టర్లు మామూలుగా పదేళ్లు డాక్టర్ల కొరత ఉన్న చోట్లే పనిచేయాలనే మారటోరియం నియమం వల్ల మా ఆయన ఇక్కడికొచ్చారు. మీలో చాలామంది ఇలాంటి ఊళ్లు చేరింది కూడా అలాగే కదా. మా అమ్మాయి రెడ్ బెండ్ కేథలిక్ కాలేజీలో చదువుతోంది. పేరుకి కాలేజీ గానీ అది హైస్కూలు. 1926లో మారిస్ట్ బ్రదర్స్ అనే కేథలిక్ సన్యాసుల సంఘం మొదలుపెట్టిన బడి. ఇప్పుడు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదువుకుంటారు. ఊళ్లో పిల్లలు ఇంటి నుంచి వెళ్లొస్తారు, దూరపు పొలాల పిల్లలు హాస్టల్లో ఉంటారు.

హాస్టల్ అనగానే మనకు గుర్తొచ్చేది తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్. నేనూ ఇంటర్ అలాంటి చోటే చదివాను, ఆ భయం నాకు తెలుసు. ఇక్కడ ఆదివారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూడండి. ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన యూట్, అదే వెనక తెరిచి ఉండే పికప్ బండి, వచ్చి ఆగుతుంది. వెనక కుక్క, దాని పక్కన పిల్ల బ్యాగు. పిల్ల లోపలికెళ్లిపోయాక కూడా తండ్రి టోపీ చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే ఉంటాడు. ఇంటికెళ్లి మళ్లీ గోధుమ కోతకు మిషనెక్కాలి ఆయన.

2022 నవంబరులో మా ఊరి లాక్లన్ నదికి వరదొచ్చినప్పుడు మా అమ్మాయి స్నేహితురాలు పొలానికి దారి లేక నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. పప్పుచారు మళ్లీ మళ్లీ వేయించుకుంది. రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేసి గొర్రెల్ని మెరక మీదికి ఎలా తోలాడో చెబుతుంటే మా అమ్మాయి కూడా ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి వినేది. ఏ కోచింగ్ సెంటర్లో నేర్పుతారు ఇది?

"మతం పాఠం చెబుతారట కదా" అని అడుగుతారు. చెబుతారు. గుంటూరులో సిస్టర్ల బడిలో పొద్దున ప్రార్థన చేసి, ఇంటికొచ్చి వినాయకుడికి పత్రి కోసిన వాళ్లం మనం. భయమెందుకు?

మెడిసిన్ కోసమే వెళ్తున్నామనే వాళ్లకు ఒక మాట. ఇక్కడి యూనివర్సిటీలు గ్రామీణ ప్రాంతాల్లో పెరిగిన పిల్లలకు మెడిసిన్‌లో ప్రత్యేకంగా సీట్లు కేటాయిస్తాయి. వరసగా 5 ఏళ్లు, లేదా మొత్తం మీద 10 ఏళ్లు ఇలాంటి చోట ఉండాలన్నది మామూలుగా చూసే లెక్క. చార్లెస్ స్టర్ట్, వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీలు కలిసి 2021 నుంచి ఆరెంజ్ అనే ఊళ్లోనే మెడిసిన్ చెబుతున్నాయి. మాకు కారులో గంటన్నర. ఆ అర్హత చేతిలో ఉండగా వదులుకుని పోవడం నాకు బాధగా ఉంటుంది.

చిన్న ఊరి బడుల్లో పదకొండో తరగతికి కొన్ని సబ్జెక్టులు దొరకకపోవచ్చు. అది ముందే వెళ్లి అడిగి తెలుసుకోండి.

మన తెలుగు సంఘం సెలెక్టివ్ సీటొచ్చిన పిల్లలకు ఏటా స్టేజీ మీద శాలువా కప్పుతుంది, సంతోషం. ఈసారి ఉగాదికి మా వైపు బడుల పిల్లల్ని కూడా పిలవండి. బడి చూడాలనుకునే వాళ్లు మా ఇంటికే రండి, గది ఖాళీగా ఉంది. ఆదివారం సాయంత్రానికి చేరుకునేలా బయల్దేరండి.