బిర్యానీకి లేని కమీషన్ కథకెందుకు?

ఫోన్‌లో ఆర్డర్ కొట్టి బిర్యానీ తెప్పించుకోండి. ఆ యాప్ గూగుల్ ప్లే స్టోర్ నుంచే దిగింది. అప్‌డేట్లు అక్కడి నుంచే వస్తాయి, వైరస్ తనిఖీలూ వాళ్లే చేస్తారు. అయినా మీరు కట్టిన బిల్లులో ప్లే స్టోర్ కమీషన్ కింద ఒక్క రూపాయి పోదు. ఇప్పుడు అదే ఫోన్‌లో తెలుగు కథలు వినిపించే యాప్ తెరిచి నెల చందా 99 రూపాయలు కట్టండి. పన్ను పోగా మిగిలినదాంట్లో 15 శాతం దాకా గూగుల్ వాటా. స్టోర్ అదే, చేసిన పనీ అదే. బిర్యానీకి లేని కమీషన్ కథకెందుకు?

చేతికి అందే వస్తువైతే వద్దు, తెర మీద వాడుకునే సరుకైతే ఇచ్చుకోవాలి అన్నది రూలు. 2008లో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచి 30 శాతం అంది. గూగుల్ అదే బాట పట్టింది. స్విగ్గీనో ఊబర్‌నో ముప్పై శాతం అడిగితే ఇవ్వలేవు, వాటికి మిగిలేదే అంతంతమాత్రం. ఒక పాటకో పాఠానికో ఇంకో కాపీ తీయడానికి ఖర్చేముంది, కాబట్టి ఇస్తారులే అన్నది లెక్క. ఆ పాఠం మొదటిసారి తయారుచేయడానికి మాస్టారు ఎన్ని రాత్రులు కూర్చున్నాడో ఆ లెక్కలోకి రాదు. చేసిన సేవను బట్టి తీసుకుంటే అది ఫీజు. ఎదుటివాడి జేబు చూసి తీసుకుంటే దానికి వేరే పేరుంది.

మన సంతల్లో ఆశీలు తెలియనివాళ్లుండరు. వేలం పాడుకున్నవాడు బండికింత, బుట్టకింత అని వసూలు చేస్తాడు. వాడు కూడా 'నీ వంకాయలు ఎంతకి అమ్మావు, అందులో నా వాటా ఏది' అని అడగడు. అడిగితే సంత ఊరుకోదు. ప్లే స్టోర్ అడుగుతుంది. పైగా ఆ పక్కనే తన సొంత దుకాణం పెట్టుకుంది. తన బిల్లింగే వాడాలని అందరికీ పెట్టిన నిబంధన యూట్యూబ్‌కి వర్తించడం లేదని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 25న ఇచ్చిన తీర్పులోనే ఉంది. అప్పుడు వేసిన జరిమానా 936.44 కోట్లు. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు దించింది. ఆ పాటి మొత్తం ఈ కంపెనీకి ఏపాటి?

2024 మార్చి 1 సంగతి గుర్తుండే ఉంటుంది. కమీషన్ కట్టలేదని పది భారతీయ కంపెనీల యాప్‌లను గూగుల్ తీసేసింది. నౌక్రీ, షాదీ, భారత్ మ్యాట్రిమొనీ, కుకు ఎఫ్ఎం, మన హైదరాబాద్ డేటింగ్ యాప్ క్వాక్‌క్వాక్ వాటిలో ఉన్నాయి. సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట నిరాకరించి అప్పటికి మూడు వారాలు. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకుంటే తప్ప అవన్నీ వెనక్కి రాలేదు. పెళ్లిసంబంధాలు చూసిపెట్టే కంపెనీ ఉండాలా పోవాలా అన్నది ఒక శుక్రవారం పూట కాలిఫోర్నియా కంపెనీ నోటీసుతో తేలుతుందని దేశానికి అప్పుడే తెలిసింది. మంత్రి ఫోన్ ఎత్తేది పెద్దవాళ్లకోసమే. వరంగల్‌లో ముగ్గురు కుర్రాళ్లు కలిసి చేసిన యాప్‌ను తీసేస్తే ఎవరెత్తుతారు?

అసలు గుట్టు మాత్రం నాలుగు శాతం దగ్గర బయటపడింది. పోటీ కమిషన్ తీర్పు తరువాత గూగుల్ కొంచెం దిగివచ్చినట్టు కనిపించింది: మా బిల్లింగే వాడక్కర్లేదు, డబ్బు కట్టించుకునే వేరే గేట్‌వే పెట్టుకోండి, అప్పుడు మా ఫీజులో నాలుగు శాతం తగ్గిస్తాం అంది. అంటే 15 కట్టేవాడికి 11, 30 కట్టేవాడికి 26. ఈ లెక్క నెమ్మదిగా చూడండి. డబ్బు వసూలు చేసిపెట్టే పని విలువ నాలుగని వాళ్ల నోటితోనే చెప్పారు. మరి ఆ 26 దేనికి? వేరే గేట్‌వేకి ఎటూ రెండు శాతం దరిదాపుల్లో ఇవ్వాలి. రెండు విధానాలు, రెండు లెక్కల పుస్తకాలు, రెండు చోట్ల రీఫండ్ గొడవలు. ఇంత చేస్తే డెవలపర్‌కి మిగిలేది వందకి రెండు రూపాయలు. ఈ బేరం ఎవరూ కుదుర్చుకోకుండా ఉండడానికే పెట్టిన బేరం ఇది. స్టోర్ బిల్లింగే వాడాలని బలవంతపెట్టొద్దని కొరియా 2021లో చట్టం చేసినప్పుడూ ఇదే నాలుగు చూపించారు. నెదర్లాండ్స్‌లో డేటింగ్ యాప్‌లను వేరే బిల్లింగ్ వాడుకోనివ్వాలన్న గొడవలో ఆపిల్ మూడు తగ్గించి 27 అంది. బయట కొనుక్కునే లింకులు యాప్‌లో పెట్టుకోనివ్వాలని అమెరికా కోర్టు చెప్పాక, 2024లో వాటి మీద కూడా అదే 27 పెట్టింది. ఇది తన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడమేనని జడ్జి 2025 ఏప్రిల్ 30న తేల్చారు. అందుకే 'ముప్పై ఎక్కువ, పదిహేను చేయండి' అని బతిమాలే స్టార్టప్ సంఘాలంటే నాకు చిరాకు. శాతం మీద బేరమాడటం అంటే అవతలివాడికి వాటా హక్కుందని ముందే ఒప్పుకోవడం.

అవతలి వాదన కూడా చెప్పాలి కదా. స్టోర్ నడపడానికి ఖర్చవుతుంది, మోసపు యాప్‌లను ఏరిపారేయాలి, ప్రపంచమంతా తలుపు తెరిచిపెట్టాలి. డిజిటల్ సరుకు అమ్మేది భారత డెవలపర్లలో మూడు శాతమే, పదిహేను శాతానికి మించి కట్టాల్సినవాళ్లు అరవై మంది కూడా లేరు అని గూగుల్ చెప్పింది. నిజమే కావచ్చు. కానీ ఆ మూడు శాతం మూడుగానే ఎందుకుండిపోయిందో కూడా చెప్పాలి. మిగిలిన తొంభై ఏడులో అమ్మకం పెట్టుకోనివాళ్లకు పెద్ద ఆధారం ప్రకటనలే. ఆ ప్రకటనలు ఎక్కువగా ఎవరి మీదుగా వస్తాయి? యాప్‌లకు ప్రకటనలు అందించే గూగుల్ వాళ్ల యాడ్‌మాబ్ మీదుగానే. ముందు గుమ్మంలో వద్దన్నది పెరటి గుమ్మంలో తీసుకుంటున్నారు.

దీని దెబ్బ మనకు ఎక్కడ తగులుతుందంటే, చిన్న ధరల దగ్గర. 49 రూపాయలకు పద్యాలు నేర్పే యాప్, 30 రూపాయలకు గ్రూప్ టూ మోడల్ పేపర్లు. ఇలాంటివాటికి శాతమంటే జీతం. ఇంగ్లిషులో అయితే కొనేవాళ్ల సంఖ్యతో సరిపెట్టుకుంటారు. తెలుగులో ఆ సంఖ్య లేదు. అందుకే మన భాషలో యాప్ అనగానే నాలుగు నొక్కులకో ప్రకటన. 'మా వెబ్‌సైట్‌లో కొంటే తక్కువకే ఇస్తాం' అని యాప్‌లోనే ఒక ముక్క రాయడానికి కూడా ఏళ్లతరబడి ఒప్పుకోలేదు. 2022లో కిండిల్ ఆండ్రాయిడ్ యాప్‌లోంచి పుస్తకం కొనే బటన్ తీసేశారు. అమెజానంతటిది అమ్మకం మానుకుంది, మన చిన్న ప్రచురణకర్త ఏం చేస్తాడు?

ఇక్కడ నాకు ఇంకో కోపం ఉంది. మనం యూపీఐ కట్టుకున్నాం, 2020 జనవరి నుంచి దాని మీద దుకాణదారుకి చార్జీ లేకుండా చేశాం, ప్రపంచమంతా తిరిగి చెప్పుకున్నాం. రోడ్డు ప్రభుత్వం వేసింది, గేట్లు మాత్రం ఎవరెవరికో వదిలేసింది. యూపీఐ లావాదేవీల్లో ఎనభై శాతం దరిదాపుల్లో ఫోన్‌పే, గూగుల్ పే చేతుల్లోనే ఉన్నాయి. ఏ ఒక్క యాప్‌కీ ముప్పై శాతం మించకూడదన్న పరిమితి గడువును వాయిదా మీద వాయిదా వేసి 2026 డిసెంబరు 31కి తెచ్చారు. ప్లే స్టోర్‌కి ప్రత్యామ్నాయంగా 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఇండస్ యాప్‌స్టోర్‌ను చూడండి: తెలుగులో కూడా ఉంది, బయటి గేట్‌వే వాడుకుంటే కమీషన్ లేదు, మొదటి ఏడాది నమోదు కూడా ఉచితంగా ఇచ్చారు. పెట్టింది ఎవరు? ఫోన్‌పే. వాల్‌మార్ట్ వాళ్లది. ఆశీలు పాటదారు మారాడంతే. వీళ్లు ఊరికే ఇచ్చినన్నాళ్లు ఊరికే ఇస్తారు.

1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు దళారీ శాతం తగ్గించమని ఎవరూ అడగలేదు. దళారీ లేని జాగా చూపించారు. యాప్‌లకు అలాంటి జాగా కావాలంటే, బిల్లింగూ స్టోరూ వేరు చేయమనీ, యాప్ లోపల ధర చెప్పుకునే హక్కు ఇవ్వమనీ ముందే శాసించే చట్టం కావాలి. తప్పు జరిగిన ఐదేళ్లకు వేసే జరిమానాలతో అయ్యే పని కాదు. యూరప్ ఆ పని చేసింది, 2024 మార్చి నుంచి అమలులో ఉంది. అదే నెలలో మన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా కూడా బయటికొచ్చింది. వాళ్లది చట్టం, మనది ముసాయిదా.