మీ కనురెప్పలు బరువెక్కుతోంది

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు. ఆ మాటన్న పెద్దమనిషి తల వాల్చీ వాల్చగానే గురక తీసే రకమై ఉండాలి. ఇవాళ్టి నిద్రకు తెలియని సుఖం లేదు. పరుపు ఎంత మెత్తగా ఉండాలో, గది ఎంత చల్లగా ఉండాలో దానికి తెలుసు. కర్టెన్ సందులోంచి పడే వెలుతురు గీత ఎంత వెడల్పుందో కూడా తెలుసు. అన్నీ అమర్చిపెట్టాక రానంటుంది.

ఇంతకాలం దీన్ని జబ్బనుకుని జాలిపడ్డాం. ఇది అవిధేయత. హిప్నాసిస్ జోలికి వెళ్ళాకే నాకీ సంగతి తెలిసింది. అందులో మందూ లేదు, మాకూ లేదు. ఎదుటివాళ్ళు 'నిద్రపోండి' అంటారు, మనం నిద్రపోవాలి. మాత్ర పనిచేయకపోతే మాత్రను తిట్టుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. వైద్యం ఎప్పుడూ సక్రమమే, వినని చెవులదే లోపం.

ఈ ఆజ్ఞకు చరిత్ర గట్టిదే. గోవాలో పుట్టిన అబ్బే ఫారియా అనే మతగురువు 1813లో పారిస్‌లో జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టి 'నిద్రపోండి!' అని గద్దించేవాడు. కొందరు పోయేవారు కూడా (నిద్రలోకే). పైగా, శక్తి తన చేతుల్లో లేదు, ఆ కూర్చున్నవాళ్ళ మనసులోనే ఉందని నిజం చెప్పేశాడు పాపం. బొత్తిగా వ్యాపారం తెలియని మనిషి.

ఆ తర్వాత జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ 1843లో ఒక పుస్తకం రాస్తూ, గ్రీకుల నిద్ర దేవుడు హిప్నోస్ పేరును ఈ స్థితికి తగిలించాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి నాలిక కరుచుకున్నాడు. ఇది నిద్ర కాదు, మనసు ఒకే ఆలోచన మీద నిలిచిపోవడం అని గ్రహించి, 'మోనోఐడియిజం' అని పేరు మార్చబోయాడు. ఆవలిస్తూ పలకగలిగే మాటేనా అది? ఎవరూ పట్టించుకోలేదు, పాత పేరే అతుక్కుపోయింది. మెదడు తరంగాలను కొలిచే యంత్రాలు వచ్చాక కూడా తేలింది అదే: హిప్నాసిస్‌లో ఉన్న మనిషి మేలుకునే ఉంటాడు.

అంటే, నిద్ర పట్టనివాడికి నిద్ర పేరు పెట్టుకున్న మెలకువను వడ్డిస్తున్నాం. ముల్లును ముల్లుతోనే తీయాలి కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నా సందేహమల్లా మరొకటి. మనసు ఒకే ఆలోచన మీద నిలవడమే హిప్నాసిస్ అయితే, రాత్రి రెండింటికి 'ఇంకా నిద్ర పట్టలేదే' అన్న ఒక్క ఆలోచన మీద నేను మూడేళ్ళుగా చలించకుండా నిలిచి ఉన్నాను. నాకు ఇంకా కొత్తగా ఏం నేర్పుతారు?

అయినా విధేయత నేర్చుకుందామని ఒక రికార్డింగు పెట్టుకుని పడుకున్నాను. ఇక్కడ నా వృత్తి చెప్పక తప్పదు. నేను ప్రూఫులు దిద్దుతాను.

'మీ శరీరాన్ని విశ్రాంతి తీసుకోవడానికి అనుమతించండి' అంది ఒక మెత్తని గొంతు. నా శరీరం నా దగ్గర ఎప్పుడు అర్జీ పెట్టుకుంది? 'ఒళ్ళు వదులు చేయండి' అంటే పోయేదిగా! 'మీ కనురెప్పలు బరువెక్కుతోంది.' రెప్పలు రెండు, నాలుగైనా కావచ్చు, క్రియ మాత్రం ఏకవచనం. బరువెక్కబోతున్న రెప్పలు టక్కున విచ్చుకున్నాయి. తర్వాత మెట్లు దిగమన్నారు. పది, తొమ్మిది, ఎనిమిది, ఆరు. ఏడోది వెతుక్కుంటూ నేను మళ్ళీ పైకెక్కాను.

అసలు తప్పు ఇంకా లోతుగా ఉంది. తెలుగులో నిద్ర వస్తుంది, పడుతుంది, ముంచుకొస్తుంది, కరువవుతుంది. 'నాకు నిద్ర పట్టింది' అనే వాక్యంలో కర్త నిద్ర. నేను షష్ఠీ విభక్తి తగిలించుకుని ఓ మూల పడి ఉన్నవాణ్ణి. ఆజ్ఞ ఇవ్వాల్సింది దానికైతే, నామీద గద్దిస్తే ఏం లాభం? 'నిద్రపో' అనే మాట ఉందిగా అంటారా? అది పసిపిల్లలతో అనే మాట. వాళ్ళూ వినరు.

సైన్సు మాత్రం నిష్పక్షపాతంగానే ఉంది. 2014లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 70 మంది ఆరోగ్యవంతులైన యువతులకు, 'చేపలా లోతుకు, ఇంకా లోతుకు ఈదండి' అన్న ధోరణిలో సాగే 13 నిమిషాల టేపు వినిపించి, మధ్యాహ్నం గంటన్నర కునుకు తీయమన్నారు. సూచనలకు ఇట్టే లొంగే స్వభావం ఉన్నవాళ్ళలో గాఢనిద్ర 80 శాతం దాకా పెరిగింది. లొంగనివాళ్ళకు ఆ లాభం దక్కలేదు. గమనించారా, వాళ్ళంతా అసలే చక్కగా నిద్రపోయేవాళ్ళు. ఉన్నవాడికే ఇంకాస్త పెట్టడమనే లోకధర్మం నిద్ర విషయంలోనూ తప్పలేదు.

ఎవరు లొంగుతారో తేల్చడానికి 1959లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఒక కొలబద్ద తయారుచేశారు. 12 పరీక్షలు. వాటిలో ఒకటి, లేని ఈగ చుట్టూ తిరుగుతోందని చెప్పి మీరు తోలుకుంటారా లేదా అని చూడటం. నేను తోలను. 'ఈగ' పక్కన క్రియ సరిగ్గా ఉందో లేదో చూస్తాను.

డాక్టర్లు వేరే దారి చూపిస్తున్నారు. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ప్రవర్తన, ఆలోచనల తీరు మార్చే చికిత్సే ఇవ్వాలని అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లో సిఫార్సు చేసింది. హిప్నాసిస్ టెన్షన్ తగ్గించడానికి కొందరికి తోడుగా పనికొస్తుందేమో కానీ, పెద్దపీట దానికి కాదు. ఆ చికిత్సలో ఒక నియమం రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో పెట్టింది: నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి, లేచి వేరే గదికి వెళ్ళండి, కునుకు వచ్చినప్పుడే మళ్ళీ రండి. చూడండి, ఎంత మర్యాద! పడుకోమని గద్దించడం లేదు, లేవమంటున్నారు.

నా రికార్డింగు చివర్లో ఆ గొంతు హఠాత్తుగా ఉత్సాహం పుంజుకుంది. 'ఒకటి నుంచి ఐదు లెక్కపెడతాను, ఐదు అనగానే మీరు హుషారుగా కళ్ళు తెరుస్తారు' అంది. పగటిపూట కూర్చుని వినాల్సింది పెట్టుకున్నానన్నమాట. నిద్ర కోసం చేసినవాటిలో ఈ లెక్క ఉండదట. ఐదు అనగానే కళ్ళు తెరిచాను, చెప్పినట్టే హుషారుగా. ఆ రాత్రి నేను పొల్లుపోకుండా పాటించిన ఆజ్ఞ అదొక్కటే.

లేచి పక్క గదిలోకి పోయి, దీపం వేసి, ఆ రికార్డింగులోని తప్పులకు జాబితా రాయడం మొదలుపెట్టాను. పొద్దున చూస్తే పదకొండు దాకా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. పన్నెండో తప్పు దగ్గర కలం కాగితం అంచు దాకా గీత గీసుకుంటూ పోయి, అక్కడి నుంచి కింద పడింది.