నిట్టింగ్ మిషన్‌లోని స్పాంజి పట్టీ గారికి బహిరంగ లేఖ

అయ్యా స్పాంజి పట్టీ గారూ,

తిరుపతి నుంచి నమస్కారాలు. మిషన్ కొన్న చాలామందికి తమరు ఉన్నట్టే తెలియదు. ఇనుప పట్టీకి అంటుకుని, సూదుల మీద, రేకు చాటున, ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుకునే ఉంటారు. నాలుగున్నర మిల్లీమీటర్ల ఎడంలో వరసగా ఉన్న 200 సూదులను కిందికి అణచిపట్టడమే తమరి ఉద్యోగం. ఇంకేమీ ఎవరూ అడగలేదు. అదైనా చేస్తున్నారా?

ధనుర్మాసంలో మనవడికి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించాలని అనుకుంటారు. కల్యాణకట్టలో గుండు చేయించి బయటికొస్తే చలిగాలి. బిడ్డకు స్వెట్టర్ కావాలి. అవ్వ లెక్క పక్కాగా వేస్తుంది. ముందు 40 కుట్లు, 60 వరసల శాంపిల్ ముక్క. దాన్ని ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలుస్తుంది. 10 సెంటీమీటర్లకు 28 కుట్లు, 40 వరసలు వచ్చాయనుకోండి. ఏడాది బిడ్డ ఛాతీ ఇంచుమించు 46, వదులుకు ఇంకో 8, మొత్తం 54లో సగం 27. అంటే 76 కుట్లు, పక్కలు కలిపి కుట్టడానికి రెండు చేర్చి 78. పొడవు 28 సెంటీమీటర్లకు 112 వరసలు. ఆ వయసులో తల చుట్టుకొలత కూడా ఛాతీ అంతే కాబట్టి, భుజం మీద గుండీలు పెట్టకపోతే స్వెట్టర్ మెడ గుండు దాటదు. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలియనిది తమరి ఆరోగ్యం ఒక్కటే.

నడుమ ఎక్కడో, సూదుల మీద అటూ ఇటూ తోసే క్యారేజ్ కర్రుమని ఆగిపోతుంది. రెండు కుట్లు జారి నిచ్చెన మెట్లలా కిందికి దిగుతాయి. ఇంట్లో విచారణ సంఘం కూర్చుంటుంది. ఊలు నాసిరకం అంటాడు కొడుకు. "అత్తా, కంటి ఆపరేషన్ అయ్యాక అల్లుకోకూడదా" అంటుంది కోడలు. కుట్ల బిగువు మార్చే టెన్షన్ డయల్ ఆరు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఎనిమిదికి తిరుగుతుంది. ఊలుకు మైనం రాస్తారు. పాపం, తమరి పేరు ఎవరూ ఎత్తరు.

అంచుల్లో కుట్లు జారితే తప్పు అల్లికకు వేలాడదీసే బరువులది. వాటిని ఇరవై వరసలకోసారైనా పైకి జరపాలి. న్యాయం న్యాయమే. కానీ నడుమ, ఈసారి ఒక సూది మీద, మరోసారి ఇంకో సూది మీద జారుతున్నాయంటే ముద్దాయి తమరే. స్పాంజి అణగిపోతే సూది పైకి లేస్తుంది, కొక్కేనికి దారం అందదు. లేదా సూది మడమ క్యారేజీకి అడ్డం పడుతుంది. అప్పుడు బలం పెట్టి తోస్తే వంగేది సూది, తమరు కాదు. విడుదల మీట తిప్పి క్యారేజీని పైకెత్తి తీయాలి.

తమరి సర్వీసు రూల్సే వేరు. పని చేసినా, చేయకపోయినా కుంగిపోతారు. అటక మీద ఊరికే ఉన్నా సూదుల ఒత్తిడికి, మన ఎండలకు జిగురై, పొడై రాలుతారు. "వాడనే లేదు, కొత్తదే" అని అమ్మే సెకండ్ హ్యాండ్ మిషన్‌లో తమరు కాలం చేసి ఎన్నాళ్ళయిందో!

మేం పరీక్ష పెడుతున్నాం. సూదిని ముందుకు లాగి, తల పైకెత్తి వదిలితే టక్కున కిందికి దిగాలి. వేలాడితే తమరిని ఒక కొసన తోసి రెండో కొస నుంచి బయటికి లాగుతాం. స్పాంజి ఇనుప అంచు కంటే పైకి ఉబికి ఉండాలి. లోపలికి కుంగి ఉంటే పదవీ విరమణే.

గాంధీ రోడ్డు అంగళ్ళలో తమరి వారసుణ్ణి అడిగితే గిన్నెలు తోమే స్పాంజి చూపిస్తారు. పర్వాలేదు, మేమే తయారు చేసుకుంటాం. పాతది గీకేసి, జిగురును టర్పెంటైన్‌తో తుడిచి, బాగా ఆరాక కొత్త స్పాంజి అంటిస్తాం. మరీ మందమైతే లోపలికి దూరదు, దూరినా క్యారేజ్ బరువెక్కుతుంది. పైన సన్న రిబ్బన్ వేస్తే సూదులు స్పాంజిని కోయవు. ఎక్కించేటప్పుడు స్పాంజి ముఖం కిందికి ఉండాలి, సూదుల తలలను స్కేలుతో నొక్కిపట్టాలి.

వీడ్కోలు సభ లేదు. శాలువా అసలే లేదు, ఉన్న ఊలంతా స్వెట్టరుకే. ఇనుప పట్టీని మాత్రం అప్పగించి వెళ్ళండి. అది అవ్వ ఆస్తి.

ఇట్లు,
200 సూదుల తరఫున