గేటు దగ్గరే ఆగిపోతున్న హక్కు

ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ సంస్థలను మినహాయించి, 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో అమలు మొదలవడానికే దశాబ్దం పైగా పట్టింది. ఇప్పుడు మా వీధిలోని బడిలో ఈ కోటా కింద లాటరీలో సీటు వచ్చిన పిల్లవాడి తల్లిని, ఆ సీటుకు ప్రభుత్వం బడికి కట్టాల్సిన డబ్బు ఇవ్వలేదంటూ, పుస్తకాలకూ యూనిఫారానికీ విడిగా కట్టాలంటూ పదేపదే తిప్పుతుంటే నాకు కడుపు రగిలిపోతోంది. బకాయిలుంటే ప్రభుత్వాన్నే అడగాలి గానీ, కూలి మానుకుని గేటు దగ్గర నిలబడిన ఆమెను కాదు. పిల్లలనూ తల్లిదండ్రులనూ పరీక్షించి వడపోయడాన్ని అదే చట్టంలోని 13వ సెక్షన్ నిషేధించినా, తల్లికి ఇంగ్లీషు వచ్చా అని అక్కడ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.