హాస్టల్‌లో వేస్తే బాగుపడతాడా? ముందు గ్రౌండ్ చూపించమనండి

పిల్లాడు ఎనిమిదో తొమ్మిదో క్లాసుకొచ్చి మాట వినడం మానేశాడంటే చాలు, ఇంటికొచ్చిన ప్రతి చుట్టం చెప్పే మాట ఒకటే. "హాస్టల్‌లో వెయ్యండి, వాడే దారికొస్తాడు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఏ హాస్టల్? అక్కడ వాణ్ణి చూసుకునేది ఎవరు? సాయంత్రం ఐదింటికి వాడు ఎక్కడుంటాడు, ఏం చేస్తుంటాడు? ఇవేవీ అడగరు. గేటుకి తాళం, చుట్టూ గోడ ఉంటే సరిపోతుందనుకుంటారు.

మా అక్క కొడుకు సంగతి చెప్తాను. మా బావ గల్ఫ్‌లో పని చేస్తాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, తండ్రి వీడియో కాల్‌లో తప్ప కనిపించని ఇళ్ళు మా దగ్గర ప్రతి వాడలో ఉన్నాయి. మా మేనల్లుడు చిన్నప్పుడు నెమ్మదైన పిల్లాడు. పద్నాలుగో ఏడు వచ్చేసరికి బడి ఎగ్గొట్టడం, తల్లి మీద అరవడం, ఫోన్ తీసుకుంటే తలుపులు తన్నడం మొదలైంది. క్లాసులో ఒకడి పెదవి పగలగొట్టాడు కూడా. బావ అక్కణ్ణుంచి ఫోన్‌లో తిట్టేవాడు, వీడు మధ్యలోనే కట్ చేసేవాడు, ఆ తర్వాత ఆ ఇద్దరి కోపమూ అక్కే పడేది. చివరికి చుట్టాలందరూ చెప్పిందే జరిగింది. సిటీలో బాగా పేరున్న ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్‌లో వేశారు.

అది స్కూలంటే స్కూలు కాదు, ఒక పెద్ద అపార్ట్‌మెంట్. కింద క్లాసులు, పైన గదులు, ఆ పైన మెస్. లేవగానే స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పడుకునేదాకా అదే. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ అని ఒక గడి ఉండేది గానీ ఆ గంటకి లెక్కల సార్ వచ్చి స్లిప్ టెస్ట్ పెట్టేవారట. ఒంట్లో అంత కోపం, అంత శక్తి పెట్టుకున్న పిల్లాణ్ణి పరిగెత్తడానికి పది గజాల చోటు లేని బిల్డింగ్‌లో కూర్చోబెట్టారు. వాడు మారలేదు, ఇంకా మొండికేశాడు. ఔటింగ్‌కి వస్తే ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక రాత్రి గోడ దూకాడు. "మీ వాణ్ణి తీసుకెళ్ళండి" అని ఫోన్ వచ్చింది. ఫీజులో ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

తర్వాత చేర్చిన రెసిడెన్షియల్ స్కూలు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. రేకుల షెడ్డు కింద భోజనాలు, డార్మిటరీలో ట్రంకు పెట్టెలు. కానీ వెనకాల పెద్ద మొరం గ్రౌండ్ ఉంది, సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్ ఉంది, రోజూ రెండు పూటలా ఆ ట్రాక్ దగ్గర నిలబడే ఒక పీఈటీ సార్, అంటే ఆటలు నేర్పే సార్, ఉన్నారు. చాలా స్కూళ్ళల్లో పీఈటీ అంటే అసెంబ్లీలో లైన్లు సరిచేసే మనిషి, గొడవ చేసిన పిల్లల్ని కొట్టడానికి పిలిచే మనిషి. ఈయన బెత్తం పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. మావాడు చేరిన కొత్తలో అందరినీ పరిగెత్తించి చూసి 800 మీటర్లకి వీణ్ణి ఎంచుకున్నారు.

ఈ 800 మీటర్ల పరుగు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మావాడికి సరిగ్గా ఇదే కావాల్సి వచ్చింది. వంద మీటర్లయితే కళ్ళు మూసుకుని ఉన్న బలమంతా పెట్టేయొచ్చు. 800లో అలా చేస్తే 600 దాటాక కాళ్ళు కదలవు. మావాడు మొదట్లో అదే చేసేవాడు, విజిల్ పడగానే ఎవరో తరుముతున్నట్టు దూసుకెళ్ళి చివర్లో అందరికంటే వెనక నడుచుకుంటూ వచ్చేవాడు, వచ్చి బూట్లు విసిరికొట్టేవాడు. సార్ చెప్పింది ఒక్కటే. "సగం దూరం నీ కోపమే పరిగెత్తుతోందిరా, మిగతా సగానికి నీ దగ్గర ఏమీ ఉండట్లేదు." పోటీల్లో అయితే మొదటి మలుపు దాటేదాకా ఎవరి లేన్‌లో వాళ్ళు, ఆ తర్వాత అందరూ లోపలి వైపుకి వచ్చేస్తారు, మోచేతులు తగులుతాయి, ముందున్నవాడి స్పైక్స్, అంటే బూట్ల కింది మేకులు, కాలికి గీసుకుంటాయి. చేయి తగిలితే కొట్టే పిల్లాడు, అక్కడ చేయి తగిలినా తన స్పీడ్ తను చూసుకోవాలి. ఇది లెక్చర్ ఇస్తే వచ్చేది కాదు. నెలల తరబడి రోజూ పొద్దున్నే వొంటితో నేర్చుకోవాల్సిందే.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. డార్మిటరీలో మళ్ళీ ఒకడితో కలబడ్డాడు. వార్డెన్ ఇంటికి పంపేద్దామన్నారు. పీఈటీ సార్ ఒప్పుకోలేదు. ఆ నెల స్కూల్ గేమ్స్ జోనల్ మీట్‌కి మాత్రం వీణ్ణి తీసుకెళ్ళకుండా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, ఆరో తరగతి పిల్లలకి టైమింగ్ రాయమన్నారు. రోజూ రాశాడు. ఆ చిన్నపిల్లలు "అన్నా, నాదెంత అన్నా" అని చుట్టూ తిరిగేవాళ్ళు. మావాడు వాళ్ళ టైమింగులు ఇంటికి ఫోన్ చేసి అక్కకి చెప్పేవాడు. అక్కకి సెకన్లంటే ఏం తెలుసు, అయినా వినేది. తల్లీకొడుకులు మళ్ళీ మాట్లాడుకోవడం అలా మొదలైంది.

మన ప్రభుత్వ గురుకులాల నుంచి ఎవరొచ్చారో చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. మొదటి శిక్షణ మన భువనగిరి గుట్ట మీదే. టీ అమ్మే తండ్రి కూతురు అగసర నందిని గురుకులంలో చదివి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది, 5712 పాయింట్లు, నాలుగో స్థానానికీ ఆమెకీ తేడా 4 పాయింట్లే. ఏడు ఈవెంట్ల ఆ పోటీలో ఆఖరిది ఏమిటో తెలుసా, 800 మీటర్లే. వీళ్ళు దారి తప్పిన పిల్లలని నేననట్లేదు. పేదింటి పిల్లల చదువులో ఆటని కూడా లెక్కలోకి తీసుకుంటే ఏం జరుగుతుందో వీళ్ళు చూపించారంటున్నాను. అదే ఆటల గంట గొడవపడే పిల్లాడికి ఇస్తే మెడల్ రాకపోవచ్చు. మావాడికీ రాలేదు. తర్వాత వెళ్ళిన జోనల్‌లో నాలుగో స్థానం దగ్గరే ఆగిపోయాడు. ఓడిపోయి వచ్చి అన్నం తిని పడుకున్నాడు, దేన్నీ తన్నలేదు. మా ఇంటికి అది ఎంతో నాకు తెలుసు.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడగాలి. హైదరాబాద్ దగ్గర ప్రభుత్వం నడిపే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో అడ్మిషన్ నాలుగో తరగతికి. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకి 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ లాంటి టెస్టులు పెట్టి తీసుకుంటారు. ఛాంపియన్లని తయారు చేయడానికి అది సరైన వయసే కావచ్చు. పద్నాలుగో ఏట ఇంట్లో తలుపులు తన్నే పిల్లాడు ఎక్కడికి వెళ్ళాలి? విద్యాహక్కు చట్టం, 2009లో ప్రతి స్కూలుకీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. అయినా బిల్డింగ్ మధ్య అంతస్తుల్లో స్కూళ్ళు నడుస్తూనే ఉన్నాయి, ఇంటర్‌కి వస్తే ఆ చట్టం వర్తించదు కూడా. మన పిల్లలు పదహారు పదిహేడేళ్ళ వయసులో ఎండ తగలకుండా రెండేళ్ళు గడుపుతున్నారు, దాన్ని మనం క్రమశిక్షణ అంటున్నాం. హాస్టల్ పిల్లల ఆత్మహత్యల వార్తలు వచ్చినప్పుడు రెండు రోజులు బాధపడి మళ్ళీ అదే బిల్డింగ్ ముందు ఫీజు కట్టడానికి నిలబడుతున్నాం.

మావాడిప్పుడు పదో తరగతి. స్పెషల్ క్లాసుల కోసం సాయంత్రం గ్రౌండ్ ఆపేద్దామని స్కూల్లో అంటున్నారు. అక్కా నేనూ వెళ్ళి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాం, ఐదు నుంచి ఆరు దాకా ఆ ఒక్క గంట ముట్టుకోవద్దని. పీఈటీ సార్ కూడా మా పక్కనే కూర్చుని అదే చెప్పారు. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఆలోచిస్తామన్నారు. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఈలోగా ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేస్తున్నాను, మీ పిల్లలు అక్కడ చదువుతుంటే మీరూ రండి.