సెక్షన్ 100 గారికి, ‘వ్యాలిడ్’ అనే మాట గురించి

కంపెనీల చట్టం 2013లో కొలువున్న సెక్షన్ 100 గారికి,

మిమ్మల్ని కాగితం మీద చదివితే కడుపు నిండిపోతుందండీ. ఓటు హక్కున్న పెయిడప్ క్యాపిటల్‌లో (అంటే వాటాదారులు కట్టిన మూలధనంలో) పదో వంతు ఉన్నవాళ్లు మీటింగ్ పెట్టమని అజెండా రాసి, సంతకాలు చేసి రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపితే చాలు. బోర్డు 21 రోజుల్లో కదలాలి, 45వ రోజు దాటకుండా ఈజీఎం, అంటే వాటాదారుల ప్రత్యేక సమావేశం, జరగాలి. కదలకపోతే అడిగినవాళ్లే 3 నెలల్లోపు పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు కంపెనీ ఇచ్చి, తప్పు చేసిన డైరెక్టర్ల ఫీజులోంచి కోసుకోవాలట. ఎంత ముచ్చటో! (యాభై షేర్లున్నవాడు మీ గుమ్మం దాకా ఎలాగూ రాలేడు. అది వేరే ఏడుపు.)

అంతా బాగానే ఉంది, ఆ లేఖకు మీరు పెట్టిన పేరు ‘రిక్విజిషన్’ ముందు ‘వ్యాలిడ్’ (చెల్లుబాటయ్యే) అని ఎందుకు తగిలించారు? లాయర్లు ఆ సందులోంచే దూరారు.

2021 సెప్టెంబరు 11న ఇన్వెస్కో అనే పెట్టుబడి సంస్థ జీ ఎంటర్‌టైన్‌మెంట్‌కు ఇలాంటి లేఖే పంపింది. ఎండీ పునీత్ గోయెంకాను తీసేసి, ఆరుగురు కొత్త స్వతంత్ర డైరెక్టర్లను వేయమంది. వాటా 17.88 శాతం, కాబట్టి లెక్క దగ్గర పేచీ లేదు. అడిగిందే చట్టవిరుద్ధం, అందుకే వ్యాలిడ్ కాదు పొమ్మంది బోర్డు. బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి అక్టోబరు 26న, ఇన్వెస్కో మీటింగ్ పెట్టకుండా ఇంజంక్షన్ ఇచ్చారు. 2022 మార్చి 22న డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. వ్యాలిడ్ అంటే శాతం, సంతకం, పంపిన పద్ధతి సరిగ్గా ఉండటమేనని, తీర్మానం బాగోగులతో దానికి పని లేదని తేల్చింది. వాటాదారు కారణాలు చెప్పక్కర్లేదని సుప్రీంకోర్టు 1985లోనే ఎస్కార్ట్స్ కేసులో చెప్పింది కూడా.

ఆ ఒక్క మాటకు అర్థం తేలేసరికి 192 రోజులు. మీ 45 రోజులు నాలుగు చుట్లు తిరిగాక కూడా ఇంకో 12 మిగిలాయి. తీరా గెలిచిన రెండో రోజునే, సోనీతో విలీనం ఉందిగా, మీటింగ్ వద్దులెమ్మంది ఇన్వెస్కో. ఆ విలీనమూ 2024 జనవరిలో అటకెక్కింది.

మీ పొరుగు సెక్షన్ 103 గారి సంగతి ఇంకోటి. అరగంటలో కోరం (కనీస హాజరు) చేరకపోతే బోర్డు పిలిచిన మీటింగ్ వచ్చే వారానికి వాయిదా పడుతుంది. వాటాదారులు మీ పేరు చెప్పి పెట్టుకున్నదైతే అక్కడికక్కడే రద్దు. అయిదు వేలకు పైగా సభ్యులున్న పబ్లిక్ కంపెనీలో 30 మంది స్వయంగా రావాలి. పైగా పెట్టేది రిజిస్టర్డ్ ఆఫీసున్న ఊళ్లోనే అన్నారు. కోర్టు మెట్లన్నీ ఎక్కి దిగినవాళ్లు ఆ ఉదయం ముంబై ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏం చేయాలో రూల్స్‌లో ఎక్కడా లేదు.

21 రోజుల్లో జవాబివ్వగలరు. ఈ లేఖ వ్యాలిడో కాదో ముందు తేలాలంటారా? అయితే తొందరేం లేదు లెండి.

ఇట్లు,
పదో వంతు లేని ఒక వాటాదారు