మైలేజీ అడగని మనిషి

మా ఊరి దేవుడు బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో పొద్దున ఒక వాహనం, రాత్రి ఒక వాహనం ఎక్కుతాడు. పెద్దశేషుడు, చిన్నశేషుడు, హంస, సింహం, గరుడుడు, హనుమంతుడు, ఏనుగు, సూర్యప్రభ, చంద్రప్రభ, గుర్రం, మధ్యలో ఒక రథం. లక్షల మంది చూసి దండం పెట్టుకుంటారు, ఇన్నెందుకు స్వామీ అని ఒక్కరూ అడగరు. అలాంటి ఊళ్లో ఉంటూ నేను రెండో కారు కొంటానని నోరు తెరిస్తే ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

సరే, ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ. ఊరి సంగతి మాట్లాడుకుందాం, ఇది చాలా గంభీరమైన విషయం. తిరుపతిలో కార్లకు కొదవ లేదు. దేశంలో అమ్ముడయ్యే కార్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు అలిపిరి దగ్గర వరసలో నిలబడతాయి. కారంటే ఇష్టం ఉన్న మనిషి ఎక్కడున్నాడన్నదే ప్రశ్న.

నా దగ్గరున్నది పాత మారుతి ఎస్టీమ్. 1298 సీసీ ఇంజను, 85 హార్స్‌పవర్, కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్‌ఐ (అంటే పెట్రోలును కొలిచి ఇంజనులోకి చిమ్మే పద్ధతి), ఏపీ 03 నంబరు. ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా అని ఇప్పటి పిల్లలకు విడమర్చి చెప్పాల్సి వస్తోంది, 2019 నుంచి రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 అయ్యాక నంబరు చూసి మనవాడే అని హారన్ కొట్టే సుఖం కూడా పోయింది. ఇంకో దెబ్బ 2022 ఏప్రిల్‌లో. ఆ నెలలో తిరుపతి వేరే జిల్లా అయింది, ఆ నెలలోనే పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 అయింది. నా జిల్లా కొత్తదైన నెలలోనే నా కారు ముసలిదని సర్కారు తేల్చేసింది.

విడ్డూరం ఏమంటే బండికి కావలసినవి మన చుట్టుపక్కలే తయారవుతాయి. కరకంబాడిలో అమర రాజా బ్యాటరీలు, చిన్నపండూరులో అపోలో టైర్లు, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు. బ్యాటరీ ఉంది, టైరు ఉంది, ఆఖరికి బండే ఉంది. మూడో గేరు వేసే చోటు మాత్రం లేదు. గాంధీ రోడ్డులో రెండో గేరు వేసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు, తిలక్ రోడ్డులోనైతే కాలు క్లచ్ మీద పెట్టి సంసార విషయాలన్నీ ఆలోచించుకోవచ్చు. 2023లో శ్రీనివాస సేతు పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం నిజంగా సంబరపడ్డాను. ఒక ఆదివారం నాలుగున్నరకే లేచి, స్నానం కూడా చేసి (ఎందుకో తెలీదు, అదో భక్తి), ఫ్లైఓవర్ ఎక్కాను. అప్పటికే ముందు వరసగా టూరిస్టు బస్సులు. దేవుణ్ణే తెల్లవారకముందు లేపేసే ఊళ్లో ట్రాఫిక్ ఒక్కటే పడుకుంటుందని అనుకోవడం నాదే బుద్ధితక్కువ.

ఆదివారం మద్రాసు వైపు పోకూడదా అంటారు. ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ ఉంది, పొద్దున బయలుదేరితే టిఫిను టైముకు అక్కడుండొచ్చు. కానీ తిరుపతిలో కారున్నవాడికి ఆదివారాలు ఉండవు. మా చుట్టాల్లో ఎవరో ఒకరు రేణిగుంటలో రైలు దిగుతూనే ఉంటారు, "ఎట్లా ఖాళీనే కదరా, కారుంది కదా" అంటారు. పైన దర్శనం, కింద పద్మావతమ్మ, దారిలో శ్రీనివాసమంగాపురం, వీలైతే కాళహస్తి. నా ఓడోమీటరులో సగం పుణ్యమే.

అందుకని తోటివాళ్లను శాస్త్రీయంగా వెతకడం మొదలుపెట్టాను. పరీక్ష సులువు. కారు చూడగానే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత ఇస్తాది?" అయితే ఆ మనిషి తప్పినట్టు. మొదటి ఏడాది పాసైనవాళ్లు సున్నా. మా ఆఫీసులో ఒకాయన మైలేజీ అడగలేదు, నాకు ప్రాణం లేచొచ్చింది, తీరా ఆయన అడిగింది "పాత ఇనుము రేటు ఇప్పుడెంతుందో" అని.

కొత్త కార్లకు పూజ చేయించే చోటికి వెళ్లి నిలబడ్డాను. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద గంధంతో స్వస్తిక్, ఓనరు చేతిలో కొబ్బరికాయ. ఇంత ప్రేమగా ముస్తాబు చేసినవాడికి కారంటే ఇష్టం లేకుండా ఉంటుందా? "ఇంజను ఎంతన్నా?" అన్నాను. "అంతా కలిపి పద్నాలుగు లక్షలయింది" అన్నాడు. పైకప్పు తెరుచుకుంటుందని బటన్ నొక్కి చూపించాడు, అందులోంచి పిల్లలిద్దరూ తలలు బయటపెట్టి నన్ను జాలిగా చూశారు.

నా కారును నిజంగా శ్రద్ధగా చూసిన మనిషంటూ ఒకడుంటే అది అలిపిరి చెక్‌పోస్టులో. డిక్కీ తెరవమన్నాడు, స్టెప్నీ ఎత్తి చూశాడు, సీట్ల కింద చెయ్యి పెట్టి తడిమాడు. నేను ఉత్సాహం పట్టలేక "ఒరిజినల్ కార్పెట్ సార్, ఇంతవరకూ మార్చలేదు" అన్నాను. "సిగరెట్లు ఉండాయా?" అన్నాడు.

మేస్త్రీ ఉన్నాడు కదా అని మీరనొచ్చు. ఉన్నాడు, ఆయనది వ్యాపారం కాదు, అచ్చమైన ప్రేమే. ఎంత ప్రేమంటే టైమింగ్ బెల్టు మార్చమని ఇస్తే బండిని పదకొండు రోజులు షెడ్డులోనే పెట్టుకున్నాడు. "ఈ ఇంజను శబ్దం వింటా ఉంటే ఇయ్యబుద్ధి కాలేదన్నా" అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది. ఇదే మాట ఆ వారంలో ఇంకో ముగ్గురికి చెప్పాడని తర్వాత తెలిసింది, అందులో ఒకరిది ఆటో.

ఇక మిగిలింది కొండ. మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, రెండోది 1974 నాటిది, ఇప్పుడు కొత్తదాంట్లో ఎక్కి పాతదాంట్లో దిగాలి. అలిపిరిలో టైము వేసి చీటీ ఇస్తారు. పైన టోల్‌గేటుకు 28 నిమిషాలకంటే ముందు చేరితే జరిమానా, దిగేటప్పుడైతే 40. ఆ మలుపుల్లో ప్రాణాలు పోకుండా పెట్టిన నియమం, దాన్ని నేనేమీ అనను. నా పరిశోధనకు మాత్రం అది వరంలా కలిసొచ్చింది. లోకంలో ఎక్కడైనా ముందు చేరినవాడికి కప్పు ఇస్తారు, మా కొండ మీద ముందు చేరినవాడు చెట్టు కింద దాక్కోవాలి.

ఆ దాక్కునే చోటు ఎక్కడో నేను చెప్పను. ఎవరూ కబుర్లాడరు. ఒకడు టైరు చూస్తున్నట్టు నటిస్తాడు, ఒకడు అద్దం తుడుస్తాడు, అందరూ పది సెకన్లకోసారి వాచీ చూసుకుంటారు. ఏళ్ల తరబడి నేను టీకొట్లలో, షెడ్లలో, పూజల్లో వెతికిన జాతి మొత్తం, ఎవరికీ పంక్చరు కాకుండానే, అక్కడ వరసగా నిలబడి ఉంది.

పోయిన నెల పెద్దమ్మను తీసుకెళ్తూ నాలుగు నిమిషాలు ముందొచ్చి అక్కడ ఆపాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. నేనూ దిగి మర్యాద కోసం నా టైరును ఒకసారి తన్నాను. పక్కన 97 మోడల్ మారుతి జెన్. దాని ఓనరు నా బానెట్ వైపు తల వంచి, ఐడిలింగ్ కాసేపు విని, "ఇది ఎంపీఎఫ్‌ఐ కదన్నా?" అన్నాడు.

ఆయనది తిరుపతి కూడా కాదు, మదనపల్లె. అయినా ఫరవాలేదు. నేను బానెట్ ఎత్తాను, ఆయన తనది ఎత్తాడు, కార్బురేటర్ ఎంత మొండిదో ఆయన చెప్పాడు, ఇంజను మౌంటింగులు ఎక్కడ దొరుకుతాయో నేను చెప్పాను, మధ్యలో పెద్దమ్మ రెండుసార్లు హారన్ కొట్టింది. ఆమె చేతిలో పది గంటల మూడువందల రూపాయల టికెట్టు ఉంది.

టోల్‌గేటులో అతను చీటీ చూసి, గోడ గడియారం చూసి, మళ్లీ చీటీ చూశాడు. అలిపిరిలో బయలుదేరి గంటా పది నిమిషాలు.

"ఏం సార్, బండి ట్రబులిచ్చిందా?"

నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి పెద్దమ్మ అందుకుంది. "బండికేం కాలేదు నాయనా. మావాడికే."